న్యూయార్క్ ఐలాండర్స్ చేజార్చుకున్న ఆటగాళ్లు, చెడిన బేరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతాల్లో స్థిరపడి, పిల్లల వల్లనో ఆఫీసు మిత్రుల వల్లనో ఐస్ హాకీ చూడడం అలవాటైన తెలుగువారికి ఎప్పుడో ఒకప్పుడు ఒక సందేహం వస్తుంది: వరుసగా నాలుగేళ్లు కప్పు గెలిచిన ఐలాండర్స్ ఆ తర్వాత నలభై ఏళ్లు దాటినా మళ్లీ ఎందుకు గెలవలేదు? దీనికి సమాధానం చాలావరకు ఆట జరిగే మంచు మైదానంలో కాదు, ఆటగాళ్ల ఎంపికలు, మార్పిడులు నిర్ణయించే జనరల్ మేనేజర్ గదిలో దొరుకుతుంది. అవే సందేహాలు పదేపదే వస్తున్నందువల్ల వాటిని కాలక్రమంలో ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా అర్థమయ్యేలా ప్రతి సమాధానాన్నీ విడిగా రాశాను.

## మొదలుపెట్టే ముందు

ఇది మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీయేనా? ఐలాండర్స్ ఎక్కడి జట్టు?

కాదు, ఇది మంచు మీద ఆడే ఐస్ హాకీ. అమెరికా, కెనడా నగరాల జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగ్‌లో ఐలాండర్స్ ఒక జట్టు. న్యూయార్క్ నగరాన్ని ఆనుకుని ఉన్న లాంగ్ ఐలాండ్ కేంద్రంగా 1972లో ఇది ఏర్పడింది. బిల్ టోరీ జనరల్ మేనేజర్‌గా, అల్ ఆర్బర్ కోచ్‌గా ఉన్న కాలంలో లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్పును 1980 నుంచి 1983 వరకు వరుసగా నాలుగుసార్లు గెలిచింది. 1984 ఫైనల్లో ఎడ్మంటన్ చేతిలో ఓడిపోయేలోగా వరుసగా 19 ప్లేఆఫ్ సిరీస్‌లు గెలుచుకుంది. ఆ తర్వాత కప్పు ఈ జట్టు వైపు రాలేదు.

డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిదేనా?

వేలంలో డబ్బు ఎక్కువ పెట్టినవారికి ఆటగాడు దక్కుతాడు. డ్రాఫ్ట్‌లో డబ్బు ప్రసక్తే ఉండదు. పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చిన కుర్రవాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. జట్లన్నింటి వంతులు ఒకసారి పూర్తయితే ఒక రౌండ్ అయినట్టు. గత సీజన్‌లో బాగా వెనకబడిన జట్లకు లాటరీ ద్వారా ముందు వంతులు దక్కుతాయి. ఐలాండర్స్ కథ అర్థం కావాలంటే తెలియవలసిన ముఖ్య విషయం ఒకటుంది. ఆ వంతు కూడా ఒక సరుకే, దానిని వేరే జట్టుకు ఇచ్చి తయారైన ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. అలా ఇచ్చేటప్పుడు ఇస్తున్నది ఎవరినో ఇచ్చేవారికి కూడా తెలియకపోవచ్చు. ఆ కుర్రవాడి పేరు తేలేది ఒక్కోసారి రెండేళ్ల తర్వాతే.

ఆటగాడికి ఇష్టం లేకపోయినా వేరే జట్టుకు పంపేయవచ్చా?

సాధారణంగా పంపవచ్చు. కాంట్రాక్టులో బదిలీకి వీలులేదన్న నిబంధన రాయించుకున్న సీనియర్లకు మాత్రమే కాదనే హక్కు ఉంటుంది. పంపిన చోటికి వెళ్లనని మొండికేస్తే జీతం ఆగిపోవడం మినహా ఆటగాడికి దక్కేది పెద్దగా ఏమీ ఉండదు. అయితే మనసు లేకుండా వచ్చిన ఆటగాడి వల్ల తెచ్చుకున్న జట్టుకూ ఒరిగేదేమీ ఉండదు.

## 1995 నుంచి 1999 వరకు

పియెర్ టర్జన్‌ను వదులుకోవడంతోనే పతనం మొదలైందంటారు, నిజమేనా?

మొదటి పెద్ద దెబ్బ అదేనని చెప్పవచ్చు. టర్జన్ 1992-93 సీజన్‌లో 58 గోల్స్‌తో సహా 132 పాయింట్లు (తాను చేసిన గోల్స్, ఇతరుల గోల్స్‌కు అందించిన సాయం కలిపి) సాధించిన ఆటగాడు. ఆ ఏడాదే జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది. టోరీ తర్వాత జనరల్ మేనేజర్ అయిన డాన్ మలోనీ 1995 ఏప్రిల్‌లో టర్జన్‌ను, వ్లాదిమిర్ మలఖోవ్‌ను మాంట్రియల్‌కు పంపి కర్క్ ముల్లర్, మాథ్యూ ష్నైడర్, క్రెయిగ్ డార్బీలను తెచ్చారు. జట్టుకు మెత్తని నైపుణ్యం కన్నా గట్టి నాయకత్వం కావాలన్నది ఆయన ఆలోచన. కానీ 1993లో మాంట్రియల్ తరఫున కప్పు గెలిచి, తర్వాత ఆ జట్టు కెప్టెన్ అయిన ముల్లర్‌కు లాంగ్ ఐలాండ్ రావడం ఏమాత్రం ఇష్టం లేదు. ఇక్కడ 27 మ్యాచ్‌లు మాత్రమే ఆడి 1996 జనవరిలో టొరంటోకు వెళ్లిపోయాడు. నాయకత్వం కోసం తెచ్చిన మనిషే జట్టులో ఉండనంటే మిగిలిన ఆటగాళ్లకు ఎలాంటి సందేశం వెళ్లి ఉంటుందో ఊహించుకోవచ్చు. టర్జన్ మొత్తం 1,327 పాయింట్లతో ఆట ముగించి 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

అందరూ తిట్టే మైక్ మిల్బరీ ఎవరు? నిజంగా అంత చెడ్డ మేనేజరా?

మిల్బరీ పూర్వం బోస్టన్ జట్టులో డిఫెన్స్ ఆటగాడు, తర్వాత అదే జట్టును 1990 ఫైనల్‌కు చేర్చిన కోచ్. 1995లో ఐలాండర్స్‌కు కోచ్‌గా వచ్చి, ఆ డిసెంబర్‌లో జనరల్ మేనేజర్ పదవి కూడా చేపట్టి 2006 వరకు ఉన్నారు. ఆయనకు ఆటగాణ్ణి గుర్తించే కన్ను లేదనడం తప్పు. జ్డెనో చారాను 1996లో 56వ వంతులో పట్టుకున్నది ఆయన హయాంలోనే. రాబర్టో లువాంగో, ఎరిక్ బ్రూవర్ కూడా ఆయన ఎంపికలే. లోపం ఓపికలో ఉంది. పిందె దశలోనే తోటను బేరం పెట్టే రైతులా, ఎంచుకున్న కుర్రవాడు పండే లోపే అతణ్ణి ఇచ్చేసి ఇంకొకరి చెట్టు మీది పండు తెచ్చుకున్నారు. యజమానులు మారుతూ, బడ్జెట్ తగ్గుతూ ఉన్న కాలంలో పని చేశారన్నదీ నిజమే. అందువల్ల తప్పంతా ఆయన ఒక్కరిదే అనలేము. కానీ డబ్బున్న యజమాని వచ్చాక కూడా అదే పద్ధతి కొనసాగింది కనుక, ఆయనను పూర్తిగా వదిలిపెట్టడమూ కుదరదు.

వేడ్ రెడెన్, బ్రయాన్ బెరార్డ్ మార్పిడిలో ఎవరు నష్టపోయారు?

1995 డ్రాఫ్ట్‌లో ఒట్టావా మొదటి వంతులో బెరార్డ్‌ను, ఐలాండర్స్ రెండో వంతులో రెడెన్‌ను తీసుకున్నాయి. ఏడాది తిరగకముందే, 1996 జనవరిలో, టొరంటో కూడా భాగమైన మూడు జట్ల బేరంలో ఈ ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. మొదట్లో ఐలాండర్స్‌దే పైచేయిగా కనిపించింది. బెరార్డ్ 1997లో ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. అక్కడితో ఆగి ఉంటే ఇది ఫిర్యాదుల జాబితాలోకి వచ్చేది కాదు. 1999 జనవరిలో బెరార్డ్‌ను టొరంటోకు ఇచ్చి గోల్‌కీపర్ ఫెలిక్స్ పోట్విన్‌ను తెచ్చారు, ఆ డిసెంబర్‌లోనే పోట్విన్‌ను వాంకూవర్‌కు పంపేశారు. రెడెన్ మాత్రం 2008 వరకు ఒట్టావా రక్షణకు వెన్నెముకగా నిలిచాడు.

లిండెన్ కోసం బెర్టూజ్జీని, మెక్‌కేబ్‌ను ఇవ్వడం అప్పట్లో సబబుగానే అనిపించిందా?

కొంతవరకు అనిపించింది. ట్రెవర్ లిండెన్ వాంకూవర్ జట్టుకు కెప్టెన్‌గా పని చేసి, 1994లో దానిని ఫైనల్‌కు నడిపించిన గౌరవనీయుడు. 1998 ఫిబ్రవరిలో అతని కోసం టాడ్ బెర్టూజ్జీ, బ్రయాన్ మెక్‌కేబ్‌లతో పాటు ఒక మూడో రౌండ్ వంతును కూడా ఇచ్చారు. బెర్టూజ్జీ అప్పటికి నిలకడ లేని ఆటగాడే. కానీ వయసు ఇరవై మూడే. 2002-03 సీజన్ వచ్చేసరికి అతడు 46 గోల్స్, 97 పాయింట్లతో లీగ్‌లో అగ్రశ్రేణి ఫార్వర్డ్ అయ్యాడు. లిండెన్ మాత్రం ఏడాదిన్నర కూడా ఉండకుండానే 1999లో మాంట్రియల్‌కు వెళ్లాడు. బదులుగా వచ్చిన పదో వంతులో తీసుకున్న బ్రానిస్లావ్ మెజెయ్ పెద్దగా రాణించలేదు. ఒక్కో మార్పిడిలో కొంత విలువ తరిగిపోతూ, చివరికి చేతిలో ఏమీ మిగలని తీరుకు ఈ బేరం మంచి ఉదాహరణ.

డబ్బు లేని మనిషి జట్టును కొన్నాడట, అదెలా సాధ్యం?

నమ్మశక్యం కాని కథే, కానీ కోర్టులో రుజువైంది. జాన్ స్పానో అనే వ్యాపారి తనను తాను గొప్ప ధనవంతుడిగా చూపించుకుని 16.5 కోట్ల డాలర్లకు జట్టును కొంటున్నట్టు ఒప్పందం చేసుకున్నాడు. లీగ్ సరిగా విచారించకుండానే ఆమోదించింది. 1997లో కొన్ని నెలలు జట్టు అతని చేతిలో ఉంది. 1.7 కోట్ల డాలర్లు పంపవలసిన చోట 1,700 డాలర్లు పంపిన ఘనత అతనిది. చివరికి మోసం నేరం ఒప్పుకుని 71 నెలల జైలు శిక్ష పొందాడు. ఈ గందరగోళంలో ఉన్న జట్టుకు పేరున్న ఆటగాళ్లు తమంతట తాము రారు, ఉన్నవారికి జీతాలు పెంచే స్థోమతా ఉండదు. ఆ కాలపు మార్పిడులను తూచేటప్పుడు ఈ సంగతిని మరచిపోకూడదు.

వరుసగా మూడేళ్లు నలభైకి పైగా గోల్స్ చేసిన పాల్ఫీని ఎందుకు అమ్ముకున్నారు?

జీతాల ఖర్చు తగ్గించడానికి. జిగ్మండ్ పాల్ఫీ 1995-96 నుంచి వరుసగా 43, 48, 45 గోల్స్ చేశాడు. 1998లో జట్టును తీసుకున్న యజమానులు స్టేడియం విషయంలో స్థానిక ప్రభుత్వంతో తగువు పడుతూ ఖర్చులు కోసేశారు. 1999 జూన్‌లో పాల్ఫీని, బ్రయాన్ స్మోలిన్‌స్కీని లాస్ ఏంజిలిస్‌కు పంపగా ఒల్లీ యోకినెన్, జోష్ గ్రీన్, మాథ్యూ బిరాన్‌లతో పాటు మొదటి రౌండ్ వంతు వచ్చింది. నిజానికి ఇది అంత చెడ్డ బేరం కాదు. యోకినెన్ తర్వాత గొప్ప ఆటగాడయ్యాడు. కాకపోతే ఐలాండర్స్ అతణ్ణి ఒక్క సీజన్ మించి ఉంచుకోలేదు.

## 2000, 2001 డ్రాఫ్ట్ రోజులు

లువాంగో ఉండగా 2000లో మరో గోల్‌కీపర్‌ను ఎందుకు ఎంచుకున్నారు?

1997లో నాలుగో వంతులో తీసుకున్న లువాంగో అప్పటికి ఐలాండర్స్ తరఫున ఆడినవి 24 మ్యాచ్‌లే. 2000లో మొదటి వంతు దక్కినప్పుడు మిల్బరీ దృష్టి బోస్టన్ యూనివర్సిటీ గోల్‌కీపర్ రిక్ డిపియెట్రో మీద పడింది. గోల్‌ను కాపాడటమే కాక ముందుకు వచ్చి పక్‌ను (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) డిఫెన్స్ ఆటగాడిలా పంచే నేర్పు అతనిలో ఉంది. ధైర్యంగా మాట్లాడే స్వభావం కూడా మేనేజర్‌కు నచ్చింది. 1968 తర్వాత ఒక గోల్‌కీపర్‌ను మొట్టమొదటి వంతులో తీసుకోవడం అదే మొదటిసారి. గోల్‌కీపర్లు ఆలస్యంగా పరిపక్వం అవుతారు కనుక జట్లు సాధారణంగా అంత ముందు వంతును వారి మీద వెచ్చించవు. ఆ ఏడు రెండో వంతులో డేనీ హీట్లీ, మూడో వంతులో మారియన్ గబోరిక్ వెళ్లారు. డిపియెట్రో ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లు మంచి గోల్‌కీపరే. తప్పు అతణ్ణి ఎంచుకోవడంలో కన్నా, అతని కోసం లువాంగోను అదే రోజు వదిలేయడంలో ఉందని నా అభిప్రాయం. ఇద్దరినీ రెండేళ్లు ఆడించి చూసి నిర్ణయించుకునే వీలు ఉంది.

ఆ ఒక్క రోజులో జట్టు ఎవరెవరిని పోగొట్టుకుంది?

అభిమానులు లువాంగో పేరొక్కటే తలచుకుంటారు గానీ, అసలు నష్టం అంతకన్నా పెద్దది. 1997 డ్రాఫ్ట్‌లో మూడో వంతులో వెళ్లిన యోకినెన్, నాలుగో వంతులో వెళ్లిన లువాంగో, ఐదో వంతులో వెళ్లిన బ్రూవర్, ముగ్గురూ 2000 జూన్ నాటికి ఐలాండర్స్ చేతిలోనే ఉన్నారు. జూన్ 24న ముగ్గురూ వెళ్లిపోయారు. లువాంగో, యోకినెన్‌లను ఫ్లోరిడాకు ఇచ్చి మార్క్ పారిష్, ఒలెగ్ క్వాషాలను తెచ్చారు. బ్రూవర్‌ను, గ్రీన్‌ను, ఒక రెండో రౌండ్ వంతును ఎడ్మంటన్‌కు ఇచ్చి రోమన్ హమర్లిక్‌ను తెచ్చారు. పారిష్ ఒక సీజన్‌లో 30 గోల్స్ చేశాడు, హమర్లిక్ కొన్నేళ్లు నమ్మకంగా ఆడాడు. వెళ్లిన ముగ్గురిలో లువాంగో 1,044, యోకినెన్ 1,231, బ్రూవర్ 1,009 మ్యాచ్‌ల చొప్పున ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడారు. లువాంగో 489 విజయాలు సాధించి 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఇందులో ఒక చిత్రం ఉంది. 2006లో ఫ్లోరిడా లువాంగోను వాంకూవర్‌కు పంపినప్పుడు బదులుగా వచ్చినవారిలో ముఖ్యుడు బెర్టూజ్జీ. ఐలాండర్స్ వేర్వేరు బేరాల్లో చేజార్చుకున్న ఇద్దరు ఆటగాళ్లు ఒకరికొకరు వెలగా మారారన్నమాట.

యాషిన్ కోసం చారాను, స్పెజ్జాను ఇచ్చేశారట. ఎవరికీ అనుమానం రాలేదా?

వచ్చింది. అలెక్సీ యాషిన్ కాంట్రాక్టు వివాదంతో ఒట్టావాలో 1999-2000 సీజన్ మొత్తం ఆడకుండా కూర్చున్నవాడు. కానీ తిరిగి వచ్చి మరుసటి సీజన్‌లో 40 గోల్స్ చేశాడు. 2001 జూన్‌లో డ్రాఫ్ట్ సమయాన అతని కోసం ఐలాండర్స్ చారాను, బిల్ మకాల్ట్‌ను, రెండో వంతును ఇచ్చింది. ఆ వంతుతో ఒట్టావా జేసన్ స్పెజ్జాను తీసుకుంది. చారా ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలోనే అందరికన్నా పొడగరి. అప్పటికి అతని కదలికల్లో తడబాటు ఉన్న మాట నిజం. కొన్నేళ్లకే అతడు లీగ్‌లో అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాళ్లలో ఒకడై, 2009లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచి, 2011లో బోస్టన్ కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు. డిఫెన్స్ ఆటగాళ్లలో అత్యధికంగా 1,680 మ్యాచ్‌లు ఆడాడు. స్పెజ్జా 995 పాయింట్లు సాధించాడు. ఈ ఇద్దరిలో ఏ ఒక్కరిని ఇచ్చినా యాషిన్‌కు సరిపోయే వెలే.

ఒట్టావా కూడా చారాను శాశ్వతంగా నిలుపుకోలేదు. 2006లో కాంట్రాక్టు ముగిశాక అతడు బోస్టన్‌కు వెళ్లినప్పుడు ఆ జట్టుకు దక్కింది శూన్యం.

మరి 2002లో ప్లేఆఫ్స్‌కు వెళ్లారు కదా, దాన్ని విజయం అనకూడదా?

అనవచ్చు. 1994 తర్వాత ఏడు సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడని జట్టు 2001-02లో లీగ్ పట్టికలో 96 పాయింట్లతో అర్హత సాధించింది. యాషిన్, బఫలో నుంచి తెచ్చిన కెప్టెన్ మైకేల్ పెకా, గోల్‌కీపర్ క్రిస్ ఓస్గుడ్ దానికి కారకులు. టొరంటోతో మొదటి సిరీస్ ఏడు మ్యాచ్‌ల దాకా సాగి ఓటమితో ముగిసింది. ఆ వసంతంలో జట్టు అప్పటి సొంత స్టేడియం నాసో కొలీజియంలో వినిపించిన హోరు ఇప్పటికీ పాత అభిమానుల నోట వినవచ్చు. అయితే మిల్బరీ పదవిలో ఉన్నంతకాలం జట్టు ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. భవిష్యత్తును అమ్మి కొనుక్కున్నది మొదటి రౌండ్ ఓటములనే అని తేలింది.

## దీర్ఘకాల కాంట్రాక్టులు

ఎవరైనా గోల్‌కీపర్‌కు పదిహేనేళ్ల కాంట్రాక్టు ఇస్తారా?

ఐలాండర్స్ ఇచ్చింది. 2006 సెప్టెంబర్‌లో డిపియెట్రో 15 ఏళ్లకు 6.75 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. దీని వెనుక యజమాని చార్లెస్ వాంగ్ లెక్క పూర్తిగా పిచ్చిది కాదు. 2005లో జట్టు మొత్తం జీతాలకు లీగ్ గరిష్ఠ పరిమితి పెట్టింది. ఏటా 45 లక్షల డాలర్లకు మంచి గోల్‌కీపర్‌ను కట్టిపడేస్తే జీతాలు పెరిగే కొద్దీ అది చౌక అవుతుందని ఆయన భావించారు. ఆ లెక్కలో లేనిది గాయం. తుంటి, మోకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతిన్నాయి. 2007-08లో 63 మ్యాచ్‌లు ఆడిన డిపియెట్రో ఆ తర్వాతి ఐదు సీజన్లలో కలిపి ఆడినవి 50 మాత్రమే. ఇందులో అతని తప్పు ఏమీ లేదు, శస్త్రచికిత్సల తర్వాత మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. శరీరం మీద అంతగా భారం పడే స్థానంలో ఆడే వ్యక్తికి అంత కాలం పూచీ ఇవ్వడమే అసలు పొరపాటు.

డిపియెట్రోకు ఇంకా డబ్బు కడుతున్నారన్నది నిజమేనా?

నిజమే. 2013లో లీగ్ జట్లన్నింటికీ, జీతాల పరిమితి లెక్కలోకి రాకుండా కాంట్రాక్టు రద్దు చేసుకునే వెసులుబాటు ఇచ్చినప్పుడు ఐలాండర్స్ దానిని వాడుకుంది. నిబంధన ప్రకారం మిగిలిన 3.6 కోట్ల డాలర్లలో మూడింట రెండు వంతులు, అంటే 2.4 కోట్లు, మిగిలిన కాలానికి రెట్టింపు వ్యవధిలో చెల్లించాలి. అందువల్ల ఏటా 15 లక్షల చొప్పున 16 ఏళ్లు, 2028-29 సీజన్ వరకు చెల్లింపు సాగుతుంది.

యాషిన్ కాంట్రాక్టు ఎలా ముగిసింది?

2001 సెప్టెంబర్‌లో అతనికి పదేళ్లకు 8.75 కోట్ల డాలర్లు ఇచ్చారు. మొదటి సీజన్‌లో 75 పాయింట్లు చేసినా, తర్వాత ఆ స్థాయి నిలవలేదు. నాలుగేళ్లు మిగిలి ఉండగా 2007లో రద్దు చేసి, సుమారు 1.76 కోట్ల డాలర్లను ఎనిమిదేళ్ల పాటు కట్టారు. అతడు రష్యాకు తిరిగి వెళ్లి ఆడుతున్న కాలంలో కూడా ఐలాండర్స్ జీతాల పరిమితిలో అతని పేరిట కొంత భాగం చిక్కుకుని ఉంది. మొత్తం జీతాల ఖర్చులో వెనకబడి ఉండే జట్టుకు అది చిన్న భారం కాదు.

యజమానుల్లో మన ఉపఖండం వ్యక్తి ఒకరు ఉండేవారట?

ఉండేవారు. 2000లో వాంగ్‌తో కలిసి జట్టును కొన్న సంజయ్ కుమార్ శ్రీలంకలో పుట్టినవారు. ఇద్దరూ కంప్యూటర్ అసోసియేట్స్ సంస్థ పెద్దలు. హైదరాబాద్‌లోనూ కేంద్రం నడిపిన సంస్థ కనుక మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు పరిచితమే. ఆ సంస్థ లెక్కల మోసం కేసులో కుమార్‌కు 2006లో పన్నెండేళ్ల శిక్ష పడింది. దానికీ హాకీ జట్టు వ్యవహారాలకూ సంబంధం లేదు.

## గార్త్ స్నో కాలం, 2006 నుంచి 2018 వరకు

బెంచి మీది గోల్‌కీపర్‌ను జనరల్ మేనేజర్ చేశారా?

అవును. 2006 వేసవిలో నియమించిన నీల్ స్మిత్‌ను నలభై రోజులకే తొలగించి, జట్టులో రెండో గోల్‌కీపర్‌గా ఉన్న గార్త్ స్నోకు పదవి ఇచ్చారు. ఊరంతా నవ్వింది. కానీ స్నో పన్నెండేళ్లు నిలబడ్డారు, ఆయన బేరాల్లో మంచివీ ఉన్నాయి.

వానెక్ బేరాన్ని అంత ఘోరంగా ఎందుకు చెబుతారు?

2013 అక్టోబర్‌లో మాట్ మౌల్సన్‌ను, ఒక మొదటి రౌండ్ వంతును, ఒక రెండో రౌండ్ వంతును బఫలోకు ఇచ్చి, ఆ సీజన్‌తో కాంట్రాక్టు ముగిసే థామస్ వానెక్‌ను తెచ్చారు. మౌల్సన్ వరుసగా మూడు సీజన్లు ముప్పై గోల్స్ తాకినవాడు, జాన్ టవారెస్‌కు చక్కగా జోడీ కుదిరినవాడు. వానెక్ 47 మ్యాచ్‌ల్లో 44 పాయింట్లు చేశాడు. బాగా ఆడలేదని ఎవరూ అనలేరు. కానీ ఇక్కడ కొనసాగే ఉద్దేశం అతనికి లేదు. దీర్ఘకాల ఒప్పందాన్ని కాదన్నాక 2014 మార్చిలో అతణ్ణి మాంట్రియల్‌కు పంపి, సెబాస్టియన్ కోల్‌బర్గ్‌ను, ఒక రెండో రౌండ్ వంతును తెచ్చుకున్నారు. కోల్‌బర్గ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగే పెట్టలేదు. ఆటగాడి మనసు తెలుసుకోకుండా ముందుగా వెల చెల్లించడం అసలు తప్పు.

ఈ కాలంలో డ్రాఫ్ట్ తప్పులు ఏవి?

2012లో నాలుగో వంతులో గ్రిఫిన్ రైన్‌హార్ట్, 2014లో ఐదో వంతులో మైకేల్ డాల్ కోల్. రైన్‌హార్ట్ తర్వాత వెంటనే మోర్గాన్ రైలీ, హాంపస్ లిండ్‌హోమ్ వెళ్లారు. డాల్ కోల్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 112 మ్యాచ్‌లే ఆడగా, అదే డ్రాఫ్ట్‌లో విలియం నైలాండర్ ఎనిమిదో వంతు దాకా, డేవిడ్ పాస్టర్నాక్ 25వ వంతు దాకా మిగిలి ఉన్నారు. పాస్టర్నాక్‌ను ఇంకా చాలా జట్లు వదిలేశాయి కనుక ఆ నింద ఐలాండర్స్ ఒక్కదానికే చెందదు.

టవారెస్ వెళ్లిపోవడం చెడ్డ బేరం కిందికి వస్తుందా?

అసలు బేరమే జరగకపోవడం అక్కడి సమస్య. 2009లో మొదటి వంతులో వచ్చి కెప్టెన్ అయిన టవారెస్ కాంట్రాక్టు 2018 వేసవితో ముగియవలసి ఉంది. ఉంటాడన్న ఆశతో, మార్పిడులకు ఫిబ్రవరిలో ఉన్న గడువులోగా అతణ్ణి ఎవరికీ ఇవ్వలేదు. జులై 1న అతడు ఏడేళ్లకు 7.7 కోట్ల డాలర్లతో టొరంటోకు సంతకం చేశాడు, ఐలాండర్స్‌కు ఏమీ దక్కలేదు. కుర్రవాళ్లను తొందరపడి అమ్ముకున్న జట్టు, అమ్మవలసిన సమయం వచ్చినప్పుడు మాత్రం వేచి చూసింది.

ఆండ్రూ లాడ్‌ను వదిలించుకోవడానికి కూడా వెల చెల్లించారా?

చెల్లించారు. 2016లో ముప్పై ఏళ్ల లాడ్‌కు ఏడేళ్లకు 3.85 కోట్ల డాలర్లు ఇచ్చారు. మొదటి ఏడాది 23 గోల్స్ చేశాక గాయాలతో వెనకబడ్డాడు. 2021లో అతని జీతం భారాన్ని అరిజోనా మోయడానికి రెండు రెండో రౌండ్ వంతులు, షరతుతో కూడిన ఒక మూడో రౌండ్ వంతు ముట్టజెప్పారు.

## లాభనష్టాల లెక్క

ఐలాండర్స్ చేసిన మంచి బేరం ఒక్కటీ లేదా?

ఉన్నాయి, కొన్ని అద్భుతమైనవి. లువాంగోను తెచ్చిన 1997 నాటి నాలుగో వంతు, 1996లో ష్నైడర్, వెండెల్ క్లార్క్‌లను ఇచ్చినందుకు టొరంటో నుంచి వచ్చినదే. ఆ బేరంలోనే భావి కెప్టెన్ కెనీ యాన్సన్ కూడా వచ్చాడు. చేసినవాడు మిల్బరీయే. 2014 అక్టోబర్ 4న స్నో ఒకే రోజు జానీ బోయ్‌చుక్, నిక్ లెడీలను తెచ్చి రక్షణను మార్చేశారు. 2015లో ఆశించినంత ఎదగని రైన్‌హార్ట్‌ను ఎడ్మంటన్‌కు అంటగట్టి రెండు వంతులు తీసుకున్నారు, అందులో ఒకటి మాథ్యూ బార్జాల్ అయ్యాడు. 2017లో ట్రావిస్ హామోనిక్‌ను ఇచ్చినందుకు కాల్గరీ నుంచి వచ్చిన వంతుతో నోవా డాబ్సన్ దొరికాడు.

ఆ ఆటగాళ్లందరినీ ఉంచుకుని ఉంటే కప్పు గెలిచేవారా?

అందరినీ ఒకే జట్టులో కూర్చే ఊహాచిత్రాలు తరచూ కనిపిస్తాయి, అవి లెక్కకు నిలవవు. పాల్ఫీని ఉంచుకుంటే యోకినెన్ వచ్చేవాడు కాదు. ష్నైడర్‌ను ఉంచుకుంటే లువాంగో దొరికేవాడు కాదు. పైగా అందరికీ జీతాలు ఇవ్వగల స్తోమత 1990ల చివర్లో జట్టుకు లేదు. అయినా చారా, లువాంగో ఇద్దరూ 2001 వరకు ఆగి ఉంటే వారిద్దరికీ జీతాలివ్వడం వాంగ్‌కు కష్టమయ్యేది కాదు. 2011 స్టాన్లీ కప్ ఫైనల్లో చారా బోస్టన్ కెప్టెన్, లువాంగో వాంకూవర్ గోల్‌కీపర్. ఏడో మ్యాచ్‌లో బోస్టన్ గెలిచింది. లువాంగోకు కప్పు ఎన్నడూ దక్కలేదు. కాబట్టి గొప్ప గోల్‌కీపర్ ఉంటే కప్పు ఖాయమన్న వాదన కూడా సరైనది కాదు.

2018 తర్వాత పరిస్థితి మారిందా?

మారింది. లూ లామొరెల్లో జనరల్ మేనేజర్‌గా వచ్చాక జట్టు 2020, 2021లలో వరుసగా సెమీఫైనల్ చేరి రెండుసార్లూ టాంపా బే చేతిలో ఓడింది. ఆయన తప్పులు వేరే రకానివి, వయసు మళ్లుతున్న జట్టునే నమ్ముకోవడం వాటిలో ప్రధానమైనది. జీతాల పరిమితి ఇరుకులో 2020లో డెవన్ టేవ్స్‌ను కేవలం రెండు రెండో రౌండ్ వంతులకు కొలరాడోకు ఇచ్చారు. 2022లో కప్పు గెలిచిన కొలరాడోకు అతడు ప్రధాన డిఫెన్స్ ఆటగాడు.

డాబ్సన్‌ను కూడా ఇచ్చేశారు కదా, పాత కథ మళ్లీ మొదలైందా?

2025లో బాధ్యత తీసుకున్న మాథ్యూ డార్ష్ ఆ జూన్‌లో డాబ్సన్‌ను మాంట్రియల్‌కు పంపి, 16, 17వ వంతులను, ఎమిల్ హైనమన్‌ను తీసుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో లాటరీ ద్వారా దక్కిన మొదటి వంతుతో డిఫెన్స్ ఆటగాడు మాథ్యూ షేఫర్‌ను ఎంచుకున్నారు. 16వ వంతులో విక్టర్ ఎక్లుండ్, 17వ వంతులో కషాన్ ఎచిసన్ వచ్చారు. మిల్బరీ బేరాలతో దీనికి పోలిక పైకి కనిపించేంత లేదు. అప్పట్లో కుర్రవాళ్లను ఇచ్చి పెద్దవారిని తెచ్చారు, ఇక్కడ పెద్ద జీతం కోరే దశకు చేరిన ఆటగాణ్ణి ఇచ్చి కుర్రవాళ్లను తెచ్చారు. డాబ్సన్‌తో మాంట్రియల్ ఎనిమిదేళ్లకు 7.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఎక్లుండ్, ఎచిసన్ పూర్తి స్థాయి ఆటగాళ్లు కావడానికి ఎంత లేదన్నా మూడు నాలుగేళ్లు పడుతుంది కనుక, ఈ బేరం మీద తీర్పు చెప్పడానికి కూడా అంత గడువు ఇవ్వాలి.